పన్నెండు పెరటిగుడ్లు

మా ఆఫీసులో నన్ను కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అంటారు. వెనకాల అంటారు, అప్పుడప్పుడు మొహం మీదే అంటారు. నేనేమీ అనుకోను. టీకాల పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాడికి ఆ మాత్రం బిరుదు రావడం న్యాయమే. అయితే నేను రాయబోయేది నా గురించి కాదు, మా వదిన గురించి. మధ్యలో నా సంగతి వచ్చిందంటే అది నా తప్పు కాదు, ఆవిడ తప్పు.

వదిన అంటే నా భార్యకు అక్క. మా తోడల్లుడు ఈ లాబ్‌లోనే వ్యాను నడిపేవాడు. ఆయన పోయాక వదినకు గాజుసామాను కడిగే పని ఇచ్చారు. రెండేళ్లు సీసాలు కడిగింది. ఆ తర్వాత గుడ్లు చూసే ముసలాయన రిటైరైతే, "నేను చూస్తాను" అని వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంది. ఇరవై ఏళ్లయింది, మధ్యలో ఒక్క మూడు నెలలు తప్ప లేవలేదు. లాబ్‌లో అందరికీ ఆవిడ గుడ్లక్క.

గుడ్లు చూడడమంటే తేలికైన పని అనుకునేరు. టీకా తయారుచేయాలంటే ముందు వైరస్‌ను పెంచాలి. వైరస్ ఊరికే సీసాలో పెరగదు, దానికి ప్రాణమున్న చోటు కావాలి. మేం వాడేది పదిరోజులు పొదిగిన కోడిగుడ్డు. కిటికీలు లేని చిన్న గది, నల్లరంగు గోడలు, బల్ల మీద రేకుపెట్టె, దాని లోపల బల్బు, పెట్టెకు బొటనవేలంత కన్నం. ఆ కన్నానికి గుడ్డు ఆనించి తిప్పితే లోపలంతా నారింజరంగులో వెలుగుతుంది. సన్నటి ఎర్రటి నరాలు, నల్లచుక్కలా కన్ను, ఒక్కోసారి కాలు జాడించడం కూడా కనిపిస్తుంది. నరాలు చెదిరితే అది చచ్చిన గుడ్డు. ఏమీ లేకపోతే ఖాళీ గుడ్డు. వదిన నిమిషానికి పన్నెండు చూస్తుంది, చూస్తూ వాటితో మాట్లాడుతుంది.

"నువ్వు కులాసా. నువ్వూ కులాసా. నువ్వేంటమ్మా ఉలకవు పలకవు? అలిగావా? పో, పక్కన కూర్చో."

బతికున్న గుడ్డుకు పెన్సిల్‌తో నంబరు వేసి, నరాలు లేని చోట చిన్న ఇంటూ పెడుతుంది. వైరస్ ఎక్కించే సూది అక్కడే దిగాలి. ఆవిడ ఇంటూ పెట్టిన చోట సూది దించి ఒక్క నెత్తురుబొట్టు చూడలేదని డాక్టరమ్మ అందరితోనూ చెబుతుంది.

డాక్టరమ్మ మా శాస్త్రవేత్త. మందులిచ్చే డాక్టరు కాదు, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి డాక్టరు అనిపించుకున్న మనిషి. వదిన కన్నా పదిహేనేళ్లు చిన్న, అందుకని "అక్కా" అంటుంది. ఆవిడ పట్టుకు కూర్చున్నది కొక్కెర తెగులును. ఎండలు ముదిరేసరికి ఈ తెగులు వచ్చి పెరటికోళ్లను ఊడ్చిపెట్టుకుపోతుంది. టీకా లేక కాదు. ఉంది, కానీ అది మంచులోంచి బయటికి తీస్తే ఎక్కువసేపు బతకదు. పెద్ద ఫారంవాళ్లకు ఫ్రిజ్‌లున్నాయి. పెరట్లో అయిదు కోళ్లున్న మనిషికి ఏముంది? డాక్టరమ్మకు ఒక సాధు వైరస్ దొరికింది. కోడికి జబ్బు చేయదు, వేడికి చావదు. దాన్ని చుక్కలమందుగా చేస్తే చాలు, కోడి కంట్లో ఒక్క బొట్టు వేయడం ఎవరికైనా వస్తుంది. రెండేళ్లుగా ఆవిడ ఆలోచనంతా ఆ బొట్టు మీదే.

ఇక నా సంగతి. మా లాబ్‌లో ఏడాదికోసారి ప్రతి ఉద్యోగీ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. 'మా ఇంట్లో కోళ్లు, బాతులు, మరే పెంపుడు పక్షులూ లేవు' అని. బట్టల మీదో చెప్పుల మీదో ఇక్కడి క్రిమి అక్కడికీ, అక్కడి క్రిమి ఇక్కడికీ పోకూడదు గదా. అలాగే గుడ్లు పంపే ఫారంవాళ్లు కూడా 'మా కోళ్లకు ఏ టీకా వేయలేదు' అని ఏటా రాసిస్తారు. వీటన్నిటి మీదా ముద్ర వేసి ఫైల్లో కుట్టేది నేను. కాగితం మీద ఉంటే నిజం, లేకపోతే అబద్ధం. అది నా సిద్ధాంతం.

ఆ కాగితం మీద వదిన వరసగా మూడేళ్లు అబద్ధం రాసింది. నాకు ఎలా తెలుసంటే, ఆ అబద్ధాన్ని మా ఆవిడ చేత ఆమ్లెట్ వేయించుకుని తిన్నది నేనే.

దాని కథ ఇది. అయిదేళ్ల కిందట సూది వేయని గుడ్డొకటి ఇంక్యుబేటర్‌లో, అదే గుడ్లు పొదిగే పెట్టెలో, అడుగు అర వెనక్కి దొర్లిపోయింది. ఎవరూ చూసుకోలేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే వదిన తలుపు తీస్తే లోపల్నుంచి కియ్యి కియ్యిమని పిలుపు. నిబంధన ప్రకారం ఆ పిల్లను మందుపెట్టి పారేయాలి. వదిన అప్పటికి ఎన్ని లక్షల గుడ్లు చూసిందో ఆవిడకే తెలియదు. వాటిలో ఒక్కటీ పిల్లయి బయటికి రాలేదు, మా పనే అటువంటిది. ఇదొక్కటే పెంకు పగలగొట్టుకుని వచ్చి ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మధ్యాహ్నం క్యారేజీలో అన్నం ఎవరికో పెట్టేసి, పైగిన్నెలో దాన్ని పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది.

దానికి క్యారేజీ అనే పేరు పెట్టారు. తెల్లటి కోడి, మహా రాజసం. ఒంటరిగా ఉందని సంతలో ఒక పుంజును కొన్నారు. పని చేయకుండా పెత్తనం చేస్తుందని దాన్ని మేనేజరు అనేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి పెరట్లో ఆరు పెట్టలయ్యాయి. నేను ముద్రలు వేస్తూనే ఉన్నాను.

ఇదంతా కడుపులో చల్ల కదలకుండా సాగిపోయేది, గుడ్లు మొరాయించకపోతే.

మొన్నటేడు ఎండాకాలం ముందు డాక్టరమ్మ వైరస్ ఉన్నట్టుండి పెరగడం మానేసింది. పెరిగిందో లేదో చూడడానికి ఒక పద్ధతుంది. చిన్న చిన్న గుంటలున్న పలకలో గుడ్డులోని నీరు ఒక చుక్క, కోడినెత్తురు ఒక చుక్క వేస్తారు. వైరస్ ఉంటే నెత్తురు కిందికి దిగకుండా గులాబీరంగు పొరలా పరుచుకుంటుంది. లేకపోతే అడుగుకు దిగి ఎర్రటి చొక్కాగుండీలా కూర్చుంటుంది. రెండు నెలల పాటు అన్నీ గుండీలే. డాక్టరమ్మ సూదులు మార్చింది, వేడి మార్చింది, చివరికి తన మీద తనకే అనుమానం వచ్చి ఇంకొకరి చేత సూది వేయించింది. గుండీలు మారలేదు. నెలాఖరుకు పరిశోధనలు సమీక్షించే కమిటీ వస్తోందని, అప్పటికీ వైరస్ పెరక్కపోతే ఈ పని మూసేయాలని మా పెద్దసారు చెప్పేశారు.

చివరి ప్రయత్నానికి అరవై గుడ్లు కావాలంది డాక్టరమ్మ. ఫారం నుంచి సరిగ్గా అరవై వచ్చాయి. వాటిని ఇంక్యుబేటర్‌లో పెట్టబోతూ వదిన ఒక ట్రే జారవిడిచింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి. పన్నెండు గుడ్లు నేల పాలయ్యాయి. ఫారంవాళ్లు మళ్లీ వచ్చేది పదిహేను రోజులకు. ఆ పక్కగదిలోనే డాక్టరమ్మ తల పట్టుకుని కూర్చుని ఉంది. వెళ్లి చెప్పడానికి వదినకు నోరు రాలేదు. నేల తుడిచేసి, మధ్యాహ్నం ఇంటికి పోయి, పొదగేయడానికి దాచిన పెరటిగుడ్లలోంచి తెల్లటివి పన్నెండు ఏరి, క్యారేజీలో పెట్టుకుని వచ్చింది. కోడి ఎలా వెళ్లిందో గుడ్లు అలా వచ్చాయన్న మాట. వాటికి నలభై తొమ్మిది నుంచి అరవై దాకా నంబర్లు వేసి ట్రేలో సర్దింది. ఒక్కొక్కదాని అడుగున కనీకనిపించకుండా ఒక టిక్కు పెట్టింది. ఎందుకు పెట్టావని తర్వాత అడిగితే, "గుర్తు పెట్టకుండా కలిపేయడానికి చెయ్యి రాలేదు మరిదీ" అంది.

పదోరోజు దీపం ముందు చూస్తే ఫారం గుడ్లలో నలభై రెండు బతికున్నాయి. పెరటిగుడ్లలో పదకొండు. యాభై ఏడో నంబరు ఖాళీ, అది మేనేజరుగారి బద్ధకం. సూదులు వేశారు. నాలుగు రోజుల తర్వాత పలక తీసి చూస్తే నలభై రెండు గుండీలు, పదకొండు గులాబీపొరలు.

ఎవరైనా గంతులేస్తారు. డాక్టరమ్మ వేయలేదు. "అన్నీ చివరి ట్రేలోవే. ఆ ట్రేలో ఇంకేదో క్రిమి దూరి ఉంటుంది, ఇది మన వైరస్ కాదు. ఎందుకు పెరిగిందో చెప్పలేని పదకొండు గుడ్లు చూపించి కమిటీని మభ్యపెట్టలేను. తేల్చుకోవడానికి రెండు వారాలు కావాలి, వాళ్లేమో ఎల్లుండి వస్తున్నారు. నేనే మూసేస్తానని రాసిచ్చేస్తాను" అంది. అని, ఆ నంబర్ల కాగితం గోడకు అంటించి కూర్చుంది.

ఆ కాగితం వదిన చూసింది. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, జరిగిందంతా చెప్పింది. నేను చుట్టూ చూశాను.

"నోరు మూసుకుని కూర్చో వదినా. నీ ఉద్యోగం పోతుంది. నీ కూతురి నర్సింగు చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది."

"నీ ముద్ర కూడా పోతుంది, అది చెప్పవేం?"

"సరే, నాదీ పోతుంది. అయినా నీ గుడ్లకీ వైరస్ పెరగడానికీ ఏంటి సంబంధం? నా కోడి కూయకపోతే ఊరికి తెల్లారదు అన్నట్టుంది నీ వరస."

"సంబంధం ఏంటో నాకు తెలీదు. ఆవిడకి తెలుస్తుంది. ఆవిడకి తెలియాలంటే నేను చెప్పాలి గదా?"

నేను తేలు కుట్టిన దొంగలా ఫైల్లో తల దూర్చాను. సాయంత్రం ఇంటికి పోతే మా ఆవిడ అప్పటికే అంతా వినేసి గుమ్మంలో నిలబడి ఉంది. "మూడేళ్లు గుడ్లు మింగినప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? రేపు మా అక్క వెనకాల మీరూ వెళ్తున్నారు" అంది. వెళ్లాను.

పొద్దున్నే డాక్టరమ్మ కమిటీకి ఉత్తరం రాసుకుంటోంది. వదిన బల్ల ముందు నిలబడి, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ట్రే జారడం, పెరటిగుడ్లు, పెరట్లో కోళ్లు, మూడేళ్ల సంతకాలు, క్యారేజీ. ఆమ్లెట్ల సంగతి మాత్రం చెప్పలేదు, నా మొహం చూసి వదిలేసింది.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "అక్కా, నువ్వేం చేశావో తెలుసా? ఆ గుడ్లతో ఏ రోగం లోపలికి వచ్చి ఉండేదో! నీ బట్టల మీద ఏం బయటికి పోయి ఉండేదో! ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నావు, నీకు కూడా నేను చెప్పాలా?"

"తప్పే అమ్మా. ఉద్యోగం తీసేసినా నేనేమీ అనను. కానీ మీరు ఆ ఉత్తరం రాయకండి. ఆ పదకొండు గుడ్లలో దూరింది ఏ క్రిమీ కాదు, అవి మా ఇంటివి, అంతే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. గోడ మీది కాగితం వైపు చూసింది.

"అక్కా, మీ కోళ్లకు ఎప్పుడైనా టీకా వేయించావా?"

వదిన సిగ్గుపడింది. టీకాల లాబ్‌లో పనిచేసే మనిషి! "లేదమ్మా. వేయిస్తే పశువుల డాక్టరు రాసుకుంటాడు, మీకు తెలిసిపోతుందని."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. ఆవిడ పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. ఫారం గుడ్డొకటి, టిక్కు గుడ్లలో ఖాళీ అని పక్కన పెట్టిన యాభై ఏడూ తెప్పించింది. రెండింటి పచ్చసొనల్లోంచీ తీసిన నీటిని మంచి వైరస్‌తో కలిపి, నెత్తురుచుక్క వేసి, పలక మీద పెట్టింది. ముగ్గురం తల ఒంచి చూస్తూ కూర్చున్నాం. ముప్పావుగంటకు పెరటిగుడ్డు గుంటలో గులాబీపొర పరుచుకుంది. ఫారం గుడ్డు గుంటలో, అంత వైరస్ పోసినా, ఎర్రగుండీ దిగింది.

"ఫారం కోళ్లకు టీకా వేసేశారు" అంది డాక్టరమ్మ. వదినకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. నాకోసం కూడా అనుకుంటా. "టీకా వేస్తే కోడి ఒంట్లో ఆ తెగులుని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. తల్లి వాటిని తనదగ్గరే ఉంచుకోదు, పచ్చసొనలో మూటగట్టి పిల్లకిస్తుంది. పుట్టిన కొత్తలో అదే దానికి కాపలా. మనం ఆ గుడ్డులోకి వైరస్ ఎక్కిస్తే తల్లి పెట్టిన కాపలా పట్టేసుకుంది. రెండు నెలలుగా నేను పోట్లాడుతున్నది తల్లులతో అక్కా."

వదిన ఆ ఎర్రగుండీ మీదికి ఇంకా ఒంగి చూసింది. "గుడ్డులో ఉన్నవన్నీ చూశాననుకున్నాను. ఇది కనిపించనేలేదు" అంది.

ఫారానికి ఫోను చేశాం. కొత్త మేనేజరు, నిజం మేనేజరు, తాపీగా చెప్పాడు. చలికాలంలో పక్క ఫారానికి తెగులొస్తే వీళ్లు భయపడి టీకా వేయించారట. "మరి కాగితం రాసిచ్చారుగా?" అన్నాను. "ఏటా ఇచ్చే కాగితమే అండీ, మీరు అడిగారు, పంపాం" అన్నాడు. దాని మీద నా ముద్ర ఉంది. ఒక్కసారి కూడా ఫోను తీసి, నిజమేనా అని అడగలేదు నేను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఫారం గుడ్డును నమ్మి పెరటి గుడ్డును అనుమానించిన మాకు ఆ సామెత బాగానే అతికింది.

కమిటీ వచ్చింది, రెండు పలకలూ చూసింది, ఆరు నెలలు గడువిచ్చింది. టీకా వేయని మంద దొరికింది, ఈసారి డాక్టరమ్మ స్వయంగా వెళ్లి కోళ్ల నెత్తురు పరీక్ష చేసి మరీ ఒప్పుకుంది. వైరస్ మళ్లీ మామూలుగా పెరిగింది.

వదిన సంగతి తేలాల్సి ఉంది. ఆవిడ పాత కాగితాలు తెమ్మన్నారు పెద్దసారు. ఫైలు విప్పాను. మూడేళ్ల కాగితాలు, మూడు సంతకాలు. ప్రతి సంతకం పక్కనా పెన్సిల్‌తో ఒక సన్నటి టిక్కు ఉంది. అంతకు ముందు పదిహేడేళ్ల కాగితాలు తిరగేశాను. ఒక్కదాని మీదా లేదు. గుర్తు పెట్టకుండా అబద్ధాన్ని నిజంలో కలపడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే నాకు ఆ టిక్కులు కనిపించనే లేదు. నాకు సిగ్గేసింది. కళ్లు కూడా తడిశాయి, దాచుకోను. పెద్దసారు గదిలోకి వెళ్లి కాగితాలతో పాటు ఆమ్లెట్ల సంగతి కూడా చెప్పేశాను.

వదినను మూడు నెలలు మళ్లీ సీసాలు కడగమన్నారు. నాకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు. కోళ్లు మాత్రం ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నారు. వదిన ఎదురు చెప్పలేదు. వీధి చివర కూరలమ్మే ఆవిడకు అంతకు ముందు ఎండాకాలంలో ఇరవై కోళ్లూ తెగులుకు పోయాయి, గూడు ఖాళీగా ఉంది. క్యారేజీనీ, మేనేజరునూ, మిగతా వాళ్లనూ బుట్టలో పెట్టి అక్కడ దించి వచ్చింది. ఆ రోజు ఇంట్లో వంట చేయలేదు. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది.

ఆ చుక్కలమందు ఈ ఏడు ఎండలకు ముందు చేతికొచ్చింది. పెరటికోళ్ల మీద వేసి చూడడానికి అనుమతి కూడా వచ్చింది. మొదటి ఇల్లు ఏదవ్వాలని డాక్టరమ్మ అడిగితే వదిన వీధి చివరకు చెయ్యి చూపించింది. తెల్లకోటు, చేతితొడుగులు, మూతికి గుడ్డ, అన్నీ వేసుకుని వెళ్లారు. క్యారేజీ ఆ వేషంలో వదినను గుర్తుపట్టలేదు, ముక్కుతో పొడిచింది. "ఇదిగో, నిన్ను క్యారేజీలో మోసుకొచ్చింది ఎవరనుకున్నావ్?" అంటూ వదిన దాని తల ఒడుపుగా పట్టుకుంది. డాక్టరమ్మ కంట్లో ఒక బొట్టు వేసింది. కోడి రెప్పలాడించి, ఒళ్లు దులుపుకుని, కసురుకుంటూ పోయింది.

నెల తిరక్కుండా తెగులు వచ్చింది. పక్కవీధిలో గూళ్లు ఖాళీ అయ్యాయి. చుక్కలు వేసిన పెరళ్లలో కోళ్లు నిలబడ్డాయి. కూరలావిడ రోజూ లాబ్ గేటు దాకా వచ్చి వాచ్‌మన్‌తో "గుడ్లక్కకి చెప్పు, అందరూ కులాసా" అని చెప్పి పోయేది.

పోయిన వారం మళ్లీ సంతకాల కాగితాలు వచ్చాయి. ఈసారి ముద్ర పట్టుకోవడానికి ముందు నేను ఇల్లిల్లూ తిరిగాను. అందరూ తిట్టుకున్నారు. వదిన ఇంటికి వెళ్తే ఆవిడే పెరట్లోకి తీసుకెళ్లింది. గూడు ఊడ్చి ఉంది. ఒక్క ఈక లేదు. "బాగా చూడు మరిదీ, మంచం కింద కూడా చూడు" అంది నవ్వుతూ. చూశాను.

ఆఫీసుకు వచ్చి ఆవిడ కాగితం తీసి, సంతకం పక్కన వెతికాను. కనిపించకపోతే గుడ్లగదిలోకి వెళ్లి, దీపానికి ఆనించి మరీ చూశాను. టిక్కు లేదు. ముద్ర వేశాను.